కదలని దేశమా, కొలతకందని శ్రమా?

భారతదేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మంది ఆరోగ్యానికి చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024 జూన్‌లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వెల్లడించారు. 2000లో 22 శాతంగా ఉన్న ఈ వర్గం 2022 నాటికి 49 శాతం దాటిందని, ధోరణి ఇలాగే సాగితే 2030 నాటికి 60 శాతానికి చేరువవుతుందని వారి అంచనా. ప్రపంచ సగటు 31 శాతం. మన దేశంలో పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 57 శాతం ఈ కోవలోకి వస్తారు. స్త్రీ పురుషుల మధ్య ఇంతటి తేడా దక్షిణాసియాలో ఇతర చోట్ల కూడా కనిపించింది.

ఈ లెక్కను ఆధారం చేసుకుని దేశం బద్ధకిస్తోందని, స్త్రీలు మరింతగా బద్ధకిస్తున్నారని శీర్షికలు వెలువడ్డాయి. ఎనిమిది నెలల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, జాతీయ గణాంక కార్యాలయం 2024 సంవత్సరపు కాల వినియోగ సర్వే వివరాలు ప్రకటించింది. వేతనం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు ఆ పనులకు వెచ్చిస్తున్నారని అందులో తేలింది. అంటే స్త్రీలది అయిదు గంటలకు కాస్త తక్కువ.

ఒక సర్వే ప్రకారం ఎక్కువగా కదలనిది స్త్రీ. మరో సర్వే ప్రకారం ఇంట్లో తీరిక లేనిదీ ఆమే. రెండూ నిజమే కావచ్చు. వంట, అంట్లు, ఊడ్చడం అన్నీ కలిపినా గుండె వేగాన్ని పెంచేంత శ్రమ లేకపోవచ్చు. కానీ ఆ నిర్ణయానికి వచ్చే ముందు, శ్రమను ఏ కొలబద్దతో కొలిచారో చూడవలసి ఉంటుంది. మానవ శరీరపు కదలికను కొలిచే శాస్త్రం గత ఏడు దశాబ్దాలలో ఎంతో ఎదిగింది. అయితే దాని మూల కొలతలు ఎవరి శరీరాల నుంచి వచ్చాయన్న ప్రశ్న భారత ఆరోగ్య విధానానికి ఇప్పటికీ పక్క ప్రశ్నగానే ఉంది.

మొదట ప్రశ్నావళి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 507 సర్వేలలో పాల్గొన్న 57 లక్షల మంది సమాధానాలపై ఆధారపడింది. ఇటువంటి సర్వేలలో విస్తృతంగా వాడే ప్రశ్నావళిలో 16 ప్రశ్నలుంటాయి. పని, ప్రయాణం, వినోదం అనే మూడు భాగాలు. ఇంటిపనిని కూడా ‘పని’ కిందే చెప్పాలని అందులో సూచన ఉంది కాబట్టి స్త్రీల శ్రమను పూర్తిగా విస్మరించారనడం సరికాదు. చిక్కు మరొక చోట ఉంది. ఊపిరి, గుండె వేగం పెరిగేలా ‘కనీసం పది నిమిషాలు ఏకధాటిగా’ చేసిన పనినే చెప్పమని ఆ ప్రశ్నావళి అడుగుతుంది. ఉద్యానవనంలో నడిచే వ్యక్తికి ఈ షరతు అడ్డు కాదు. పొయ్యి మీది కూర కలిపి, బిందె నింపి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, మళ్లీ చీపురు అందుకునే స్త్రీ రోజంతా మూడు నిమిషాల ముక్కలుగా తెగిపోయి ఉంటుంది. ఆ ముక్కలను కూడి చెప్పమని ఎవరూ అడగరు, అడిగినా గుర్తుండవు. పది నిమిషాల షరతుకు శాస్త్రీయ ఆధారం చాలదని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో దాన్ని తొలగించింది. ఏ కదలికైనా లెక్కకు వస్తుందని ప్రకటించింది. 2000 నుంచి 2022 వరకు గల ధోరణికి ఆధారమైన సర్వేలలో అత్యధికం మాత్రం పాత పద్ధతిలో సేకరించినవే.

మన దేశంలోనే వేర్వేరు సర్వేలు వేర్వేరు చిత్రాలు చూపాయి. నాలుగు ప్రాంతాల్లో జరిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2014లో 54 శాతం మందిని నిష్క్రియులుగా లెక్కించింది. 2017-18 జాతీయ అసాంక్రామిక వ్యాధుల పర్యవేక్షణ సర్వేలో అది 41 శాతం. ప్రాంతాలు, వయోవర్గాలు వేరు కనుక తేడా కొంత సహజమే. అయినా ఇంత తేడా చూపే సంఖ్యను ఒక్క శీర్షికలో బిగించడం సాహసమే.

ప్రశ్నావళి వెనుక మరో కొలత ఉంది. దాని పేరు ‘మెట్’. కదలకుండా కూర్చున్న మనిషి ఒక కిలో శరీర బరువుకు నిమిషానికి వాడే ప్రాణవాయువును 3.5 మిల్లీలీటర్లుగా తీసుకుని, దాన్ని ఒక మెట్ అన్నారు. మూడు మెట్లకు పైబడిన పని ‘ఒక మోస్తరు శ్రమ’, ఆరు దాటితే ‘తీవ్ర శ్రమ’. నిలబడి గిన్నెలు తోమడం రెండు మెట్లకు లోపు, ఇల్లు ఊడ్చడం మూడుకు కాస్త పైన అని 1993 నుంచి ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్న అమెరికా పట్టికలు చెబుతాయి. ఆ 3.5 అనే అంకె 70 కిలోల బరువున్న, నలభై ఏళ్ల పురుషుడి నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు తరచు ప్రస్తావిస్తారు. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు 769 మంది స్త్రీ పురుషులను పరీక్షించగా విశ్రాంతిలో వాస్తవ వినియోగం సగటున 2.6 మిల్లీలీటర్లే అని తేలింది. విశ్రాంతి ఖర్చు తక్కువైన శరీరానికి అదే పని సాపేక్షంగా ఎక్కువ శ్రమ అవుతుంది. పట్టికలో ‘తేలిక’ అని నమోదైన పని ఆ శరీరానికి తేలిక కాకపోవచ్చు. పైగా పొడవాటి కర్ర చీపురుతో నిటారుగా నిలిచి ఊడ్చడమూ, మూరెడు చీపురుతో నడుము వంచి వాకిలంతా ఊడ్చడమూ ఒకటేనా అన్నది పట్టికలో లేని ప్రశ్న.

భారతీయ శరీరానికి సొంత ప్రమాణం అవసరమని దేశీయ సంస్థలు ఎప్పుడో గుర్తించాయి. అంతర్జాతీయ సూత్రాలు భారతీయుల విశ్రాంత జీవక్రియను ఎక్కువగా చూపుతున్నందున భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు ఆ విలువను 5 శాతం తగ్గించి వాడారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నేతృత్వంలో 2020లో వెలువడిన సిఫార్సులు ‘ప్రమాణ భారతీయ పురుషుడి’ బరువును 60 నుంచి 65 కిలోలకు పెంచాయి. స్త్రీ బరువును 55 కిలోలుగా ఉంచాయి. ఆ స్త్రీ కూర్చుని చేసే పనుల్లో ఉంటే రోజుకు 1,660, ఒక మోస్తరు శ్రమ చేస్తే 2,130, కఠిన శ్రమ చేస్తే 2,720 కిలో కేలరీలు కావాలని నిర్ణయించాయి. శ్రమను ఏ గడిలో రాశారన్న దానిపై ఇక్కడ 470 కిలో కేలరీల తిండి ఆధారపడి ఉంది. ఇంటిపనిని ‘తేలిక’ అని రాసిన కలం, కాగితం మీద ఆ ఇల్లాలి కంచంలో నుంచి అంత తీసివేసినట్టే. రక్తహీనత అధికంగా ఉన్న దేశంలో దీన్ని గణాంకాల వివాదంగా మాత్రమే చూడలేం.

ఇంటిపని ఆరోగ్యానికి మేలు చేస్తుందా అన్నదానిపై ఆధారాలు ఒకే దిక్కున లేవు. బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ భాగస్వామిగా ఉన్న ‘ప్యూర్’ అధ్యయనం 17 దేశాల్లో లక్షా 30 వేల మందిని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. వ్యాయామశాలలో అయినా, రాకపోకల్లో అయినా, ఇంటిపనిలో అయినా వారానికి 150 నిమిషాల శ్రమ చేసినవారిలో మరణాల ముప్పు 28 శాతం తక్కువగా ఉందని తేల్చింది. ఆ మరుసటి ఏడాది ఐరోపా పరిశోధకులు 17 పాత అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, వృత్తిరీత్యా కఠిన శ్రమ చేసే పురుషులలో అకాల మరణ ముప్పు 18 శాతం అధికంగా కనిపించింది. విరామం, కోలుకునే వ్యవధి, పనిపై అదుపు లేని శ్రమ శరీరాన్ని అరగదీస్తుందని వారి వివరణ. ఇటుకల తట్ట మోసే కూలీకి, సాయంత్రం ఇష్టపడి పరుగెత్తే ఉద్యోగికి గుండె వేగం ఒకే స్థాయికి చేరినా శరీరానికి ముట్టేది ఒకటి కాదు. మెట్ లెక్కలో మాత్రం ఇద్దరూ సమానమే.

కదలికను కొలిచే ప్రయోగశాలల్లోనూ ఇదే కథ కొంత భిన్నంగా సాగింది. మనిషి నడకను విశ్లేషించేవారు శరీరంపై గుర్తులు అంటించి కెమెరాలతో చిత్రిస్తారు. నేలలో అమర్చిన పలకపై పాదం మోపే బలాన్ని నమోదు చేస్తారు. ఆపై కీళ్లపై ఎంత భారం పడుతోందో గణిస్తారు. ఈ గణనకు తొడ బరువెంత, పిక్క బరువెంత అన్నది ముందే తెలిసి ఉండాలి. బతికున్న మనిషి కాలును విడిగా తూచలేం కనుక పాత పట్టికలను ఆశ్రయిస్తారు. వాటిలో ప్రసిద్ధమైనది 1955లో అమెరికా వైమానిక దళం కోసం డెంప్‌స్టర్ తయారు చేసినది. విమానంలో కూర్చున్న చోదకుడికి ఎంత చోటు కావాలో తేల్చడం ఆ పరిశోధన ఉద్దేశం. ఎనిమిది మంది వయోధిక పురుషుల మృతదేహాలను విడదీసి తూచారు. తొడ బరువు దేహం బరువులో పదో వంతు అన్న సూత్రం అక్కడి నుంచే పాఠ్యగ్రంథాల్లోకి వచ్చింది.

నడక వరకు ఈ పొరపాటు పెద్దగా బాధించదు. నేల నుంచి వచ్చే బలమే అందులో ప్రధానం. మనిషి కిందకు దిగినప్పుడు లెక్క మారుతుంది. నడకలో మోకాలు సుమారు 60 డిగ్రీలు, కుర్చీలో 90 డిగ్రీలు వంగుతుంది. గొంతుక్కూర్చున్నప్పుడు 130 దాటుతుంది. అప్పుడు తొడ, పిక్క ఒకదానికొకటి ఒత్తుకుని బరువులో కొంత భాగాన్ని కీలుకు చేరకుండా తామే మోస్తాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2007లో కొలిచి చూస్తే ఆ ఒత్తిడి ఒక్కో కాలిలో శరీర బరువులో 30 శాతానికి మించింది. దీన్ని లెక్కలోకి తీసుకోని నమూనాలు లోతుగా వంగిన మోకాలిపై ఉన్నదానికన్నా ఎక్కువ భారాన్ని చూపుతాయి. కుర్చీ కన్నా దిగువకు పోవలసిన అవసరం లేని సమాజంలో రూపొందిన నమూనా అక్కడ తప్పడం ఆశ్చర్యం కాదు.

ఈ లోపం పుస్తకాల్లో తేలడానికి నాలుగు దశాబ్దాల ముందే జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రోగులు దాన్ని చెప్పారు. అప్పట్లో దిగుమతి నమూనాలో తయారైన కృత్రిమ పాదం 1950లలో కాలిఫోర్నియాలో రూపొందింది. గట్టి చీలమండ, మెత్తని మడమ, పైన బూటు తప్పనిసరి. దాన్ని తొడుక్కున్న రైతు పొలంలోని బురదలో దిగలేడు, గొంతుక్కూర్చోలేడు, పంక్తిలో బాసింపట్టు వేసుకుని భోజనం చేయలేడు. చాలామంది దాన్ని మూలకు పెట్టి మళ్లీ ఊతకర్ర పట్టారు. ఎముకల వైద్యుడు డాక్టర్ పి.కె. సేథీ, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1968 నాటికి రబ్బరు, కలపతో మరో పాదం తయారు చేశారు. అది అన్ని దిశలకూ వంగుతుంది, బూటు లేకుండా తడిలో తిరుగుతుంది, చూడటానికి కాలులా ఉంటుంది. సేథీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. తెలుగు ప్రేక్షకులకు ఆ పాదం పరిచయమైనది ‘మయూరి’ చిత్రంతో. ప్రమాదంలో కాలు కోల్పోయి, జైపూర్ కాలుతో తిరిగి వేదికెక్కిన నర్తకి సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. భరతనాట్యంలో అరమండి మోకాళ్లను ఎంత వంచమంటుందో తెలిసినవారికి ఆ పాదం ఏం సాధించిందో విడిగా చెప్పనక్కరలేదు.

జైపూర్ కాలుకూ పరిమితులున్నాయి. చేతితో తయారవడం వల్ల ఒకటి ఇంకొకదానిలా ఉండదు. బరువు ఎక్కువ. మోకాలి పైభాగంలో కాలు పోయినవారికి పాదం ఒక్కటే చాలదు, మోకాలు కూడా కావాలి. ఆ దిశలో ఐఐటీ మద్రాసు 2022లో ‘కదమ్’ అనే కృత్రిమ మోకాలిని విడుదల చేసింది. తలుపు బందులా ఒకే ఇరుసుపై తిరిగే చౌక మోకాళ్లు నడకలో హఠాత్తుగా ముడుచుకుని మనిషిని పడవేసే ప్రమాదం ఉంది. కదమ్‌లో అనేక ఇరుసులుండటం వల్ల వంగే బిందువు కదలికతో పాటు జరుగుతుంది. గరిష్ఠంగా 160 డిగ్రీల వరకు వంగుతుంది. బస్సు సీట్ల ఇరుకులో, ఆటో వెనుక భాగంలో కాలు ముడుచుకోవడానికి ఇంత వంపు కావాలని దాని రూపకర్తలు చెప్పారు. ప్రయోగశాలలోని సమతల నేల కన్నా ఆర్టీసీ బస్సే వారికి అసలు పరీక్షా స్థలమైంది.

నేలతో ముడిపడిన జీవనాన్ని ఆరోగ్య రహస్యంగా కీర్తించడం మరో పొరపాటు. 60 ఏళ్లు దాటిన బీజింగ్ స్త్రీలలో మోకాలి అరుగుదల అమెరికా శ్వేతజాతి స్త్రీల కన్నా అధికంగా ఉందని 2001లో వెలువడిన అధ్యయనం తెలిపింది. యౌవనంలో గంటల తరబడి గొంతుక్కూర్చోవడానికీ దీనికీ సంబంధం ఉన్నట్లు తర్వాతి పరిశీలన సూచించింది. మరోవైపు టాంజానియాలోని హడ్జా వేటగాళ్లు రోజుకు దాదాపు పది గంటలు విశ్రాంతిగానే ఉంటారని, అయితే అందులో చాలా భాగం గొంతుక్కూర్చుని లేదా మోకాళ్లపై ఉండటం వల్ల కుర్చీలో కన్నా కండరాలు ఎక్కువగా పనిచేస్తాయని 2020లో తేలింది. బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందిని చేతి సాయం లేకుండా నేలపై కూర్చుని లేవమన్నారు. ఎంత సాఫీగా లేస్తే అంత ఎక్కువ మార్కులు. తక్కువ మార్కులు వచ్చినవారిలో తర్వాతి ఆరేళ్లలో మరణాలు ఎక్కువగా జరిగాయని 2012లో ప్రకటించారు. మన తాతలు, అమ్మమ్మలు పీట మీద నుంచి రోజుకు మూడు పూటలా ఈ పరీక్ష రాసినవారే. వాళ్లకు ఎవరూ మార్కులు వేయలేదు. అయితే నేల మీద కూర్చోవడమే నిత్యకృత్యమైన జనాభాలో అవే మార్కులు అదే ముప్పును సూచిస్తాయని అనుకోవడానికి వీల్లేదు. అలవాటు లేనివారిలో బలాన్ని కొలిచే పరీక్ష, అలవాటున్న వారిలో మరేదో కొలుస్తుంది.

ఇప్పుడు ఈ కొలతలు మణికట్టు మీదికి వచ్చాయి. గడియారాలు, ఫోన్లు అడుగులు లెక్కించి రోజు గడిచేసరికి తీర్పు చెబుతున్నాయి. పదివేల అడుగుల లక్ష్యం 1960లలో జపాన్‌లో ఒక అడుగుల లెక్క పరికరానికి పెట్టిన పేరు నుంచి పుట్టింది. వైద్య పరిశోధన నుంచి కాదు. ఈ పరికరాలు ఊపును కొలుస్తాయి, బరువును కొలవలేవు. తలపై బిందె పెట్టుకున్న స్త్రీ నీళ్లు తొణకకుండా ఒళ్లు ఊగనీయక నడుస్తుంది. రెండు చేతులా సంచులు మోస్తున్న వ్యక్తి మణికట్టు కదలదు. నడుము వంచి నాట్లు వేసే కూలీ గంటసేపట్లో వెనక్కి వేసే అడుగులు కొద్దే. ఈ సమాచారం కృత్రిమ మేధ నమూనాలకు ఆహారమవుతున్న దశలో, ఎవరి మణికట్ల నుంచి అది వస్తోందో పట్టించుకోకపోతే డెంప్‌స్టర్ ఎనిమిది దేహాల కథ కోట్ల సంఖ్యలో పునరావృతమవుతుంది. గడియారం కొనగలవారే అందులో ప్రమాణ మానవులవుతారు.

ఇంత చెప్పిన తర్వాత కూడా ఒక విషయం మిగులుతుంది. కొలబద్ద వంకరదే అయినా అదే కొలబద్దతో కొలిచినప్పుడు 22 శాతం 49 శాతమైంది. రోలు స్థానంలో మిక్సీ, బావి స్థానంలో కుళాయి, కాలినడక స్థానంలో ద్విచక్రవాహనం వచ్చాయి. రోలు పోయినందుకు చింతించవలసిన పని లేదు, ఆ శ్రమ ఎవరూ కోరి చేసినది కాదు. పోయిన శ్రమ స్థానంలో మరొక కదలిక రాకపోవడమే సమస్య. 2014 నాటి ఇండియాబ్ అధ్యయనంలో వినోదం కోసం శరీరాన్ని కదిలించేవారు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం, మరో 13 కోట్లకు పైగా జనాభాకు దాని ముందస్తు దశ ఉన్నట్లు అదే అధ్యయనం 2023లో వెల్లడించింది. 2019 ఆగస్టులో ప్రారంభమైన ‘ఫిట్ ఇండియా’ ఉద్యమం వ్యాయామాన్ని అలవాటు చేయాలని సంకల్పించింది. కానీ అయిదు గంటల ఇంటిపని తర్వాత మరో అరగంట నడవమని స్త్రీకి చెప్పే ముందు, ఆ అరగంట ఎవరి సమయం నుంచి రావాలన్నది తేలాలి. వీధి దీపం, కాలిబాట, కుక్కల భయం, చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లగలిగే ధైర్యం ఇవన్నీ ఆ అరగంటలో భాగమే. 88 నిమిషాల అంకె పెరిగితే గానీ 57 శాతం తగ్గకపోవచ్చు.

2030 నాటికి శ్రమలేమిని 15 శాతం మేర తగ్గించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ఆ తగ్గుదలను చూపడానికి కావలసిన సమాచారం మన దగ్గర ముక్కలుగా ఇప్పటికే ఉంది. కాల వినియోగ సర్వే సిబ్బంది ఉదయం నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు గంటల వరకు ప్రతి అరగంటకు ఇంట్లో ఎవరేం చేశారో రాసుకుంటారు. వారి పత్రంలో రక్తపోటు, నడుము చుట్టుకొలత ఉండవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నడుము చుట్టుకొలతను కూడా కొలిచింది. ఆ నడుము ఆ రోజు ఎన్నిసార్లు వంగిందో అడగలేదు. ఒక పత్రం గణాంక మంత్రిత్వ శాఖకు, మరొకటి ఆరోగ్య మంత్రిత్వ శాఖకు చేరుతుంది. తదుపరి విడతలో కొన్ని వేల ఇళ్లలోనైనా ఈ రెండు పత్రాలను ఒకే మనిషికి సంబంధించి నింపి, వారం రోజులు నడుముకు, మణికట్టుకు కదలికల పరికరం కడితే, అంట్లు తోమడానికి ఎన్ని మెట్లో అమెరికా పట్టిక చూడకుండా ఒంగోలులోనే చెప్పవచ్చు.